త్రీ-నాట్-త్రీతో మొదలుపెట్టండి: అమెరికాలో పాత సైనిక రైఫిళ్లు సేకరించే పద్ధతి

త్రీ-నాట్-త్రీ అన్న మాట వినని తెలుగువాళ్లు అరుదు. ట్రెజరీ ముందు కాపలా కానిస్టేబుల్ భుజాన, ఎన్నికల రోజు పోలింగ్ బూత్ గుమ్మంలో ఆ పొడవాటి చెక్క తుపాకీని చూస్తూ పెరిగిన తరం మాది. అదే రైఫిల్ ఇప్పుడు టెక్సాస్‌లోనో జార్జియాలోనో ఏదో గన్ షో (తుపాకీల సంత) బల్ల మీద, అది తయారైన బెంగాల్ ఊరి పేరు "ఇషాపూర్" అన్న ముద్రతో కనబడుతుంది. కొనాలని మనసు లాగుతుంది. కొనొచ్చు కూడా. కానీ ఆ బల్ల దగ్గర నిలబడేలోపు తెలియాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైంది ఒకటే: పాత సైనిక రైఫిల్ విలువంతా దాని మీద మిగిలిన ఆనవాళ్లలోనే ఉంటుంది. వాటిని చదవడం నేర్చుకోవాలి, చెరపకుండా కాపాడాలి. మిగతా పనులన్నీ ఈ రెంటి కోసమే.

ముందు మీ వీసా సంగతి

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నా అంతే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే స్నేహితుడి మాట విని వాటి మీద ఆధారపడొద్దు, ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఇక్కడ పొరపాటు జరిగితే జరిమానాతో పోదు, దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చు. కాల్పుల సాధన చేసే రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా అది "దగ్గర పెట్టుకోవడం" కిందికే వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు, పౌరసత్వం ఉంటే సరేసరి. ఆ పైన రాష్ట్ర చట్టం చూసుకోవాలి. ఇలినాయ్‌లో ఫోయిడ్ అనే తుపాకీదారు గుర్తింపు కార్డు కావాలి, న్యూజెర్సీలో తుపాకీ కొనుగోలుదారు గుర్తింపు కార్డు కావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ నియమాలు ఇంకా బిగువు. మీ రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోండి.

సేకరణ లైసెన్సు

మామూలుగా అయితే డీలరు దుకాణంలో 4473 ఫారం నింపి, నేపథ్య తనిఖీ అయ్యాక తుపాకీ తెచ్చుకుంటాం. ఒకటీ రెండూ కొనేవారికి ఇది చాలు. నిజంగా సేకరించాలనుకుంటే మాత్రం తుపాకీల లైసెన్సులు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే టైప్ 03 లైసెన్సు తీసుకోండి. అందరూ దీన్ని "సీ అండ్ ఆర్" (క్యూరియో అండ్ రెలిక్) అంటారు. 21 ఏళ్లు నిండాలి. 7సీఆర్ ఫారం నింపి, రుసుము 30 డాలర్లు కట్టాలి. మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తు నకలు ఒకటి మీ ఊరి పోలీసు అధికారికి కూడా పంపాలి.

ఈ లైసెన్సు ఉంటే, తయారై 50 ఏళ్లు నిండి, అసలు రూపం చెడని తుపాకీలను వేరే రాష్ట్రంలోని అమ్మకందారు నుంచి కూడా నేరుగా మీ ఇంటికే తెప్పించుకోవచ్చు, మీ రాష్ట్రం అడ్డు చెప్పకపోతే. "అసలు రూపం" అన్న షరతు గుర్తుంచుకోండి. గొట్టం కోసి, చెక్క మార్చి, దుర్భిణి బిగించిన తుపాకీ ఎంత పాతదైనా దీని కిందికి రాకపోవచ్చు.

లైసెన్సుతో పాటు ఒక బాధ్యత కూడా వస్తుంది. బౌండ్ బుక్ అనే రిజిస్టరులో ఏ తుపాకీ, ఏ నంబరు, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారు, ఎప్పుడు ఎవరికి ఇచ్చారు అన్నీ రాయాలి. పెట్టె తెరిచిన రోజే రాసేయండి. ఇంకో మాట: ఇది సేకరణకే గానీ వ్యాపారానికి కాదు. లాభానికి కొని అమ్ముతూ పోతే డీలరు లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్టే.

1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు. వాటికి ఈ లైసెన్సు అవసరం లేదు. రాష్ట్రాల లెక్క వేరుగా ఉండొచ్చు.

ఏ రైఫిల్‌తో మొదలుపెట్టాలి

ఎవరు ఏమన్నా నా సలహా ఒకటే: ఒక దేశం, ఒక రకం రైఫిల్ ఎంచుకుని దాన్ని లోతుగా తెలుసుకోండి. చవగ్గా వచ్చిందని రష్యాది ఒకటి, టర్కీది ఒకటి, యుగోస్లావియాది ఒకటి కొంటూ పోతే అల్మారా నిండుతుంది గానీ ఏ ఒక్కదాని గురించీ గట్టిగా నాలుగు మాటలు చెప్పలేం.

మనవాళ్లకు లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబం సహజమైన మొదలు. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన బోల్ట్ (తూటాను గొట్టంలోకి తోసి వెనక మూసే కడ్డీ), ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు, పది తూటాల మ్యాగజైన్, .303 తూటా. రెండు ప్రపంచ యుద్ధాల్లో భారత సైనికులు మోసింది దీన్నే. 1907లో వచ్చిన నంబర్ 1 మార్క్ 3, మొదటి ప్రపంచ యుద్ధంలో పని తగ్గించి చేసిన మార్క్ 3 స్టార్, రెండో ప్రపంచ యుద్ధపు నంబర్ 4, పొట్టి నంబర్ 5 జంగిల్ కార్బైన్ అన్నీ ఈ ఇంటివే. నంబర్ 1 ఇషాపూర్‌లో, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో కూడా తయారైంది. నంబర్ 4ను కెనడాలో లాంగ్ బ్రాంచ్, అమెరికాలో సావేజ్ చేశాయి. సావేజ్ వాటి మీద "యు.ఎస్. ప్రాపర్టీ" అన్న ముద్ర చూడొచ్చు.

వీటిలో నాకు బాగా ఇష్టమైంది ఇషాపూర్ 2ఎ1. చూడ్డానికి అచ్చం పాత త్రీ-నాట్-త్రీయే. మ్యాగజైన్ మాత్రం నలుచదరంగా, డబ్బాలా ఉంటుంది. 1962 చైనా యుద్ధం తర్వాత రైఫిళ్ల కొరత ఉన్న రోజుల్లో, 7.62×51 నాటో తూటాకు సరిపడేలా పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని కొత్తగా, ఇంకా గట్టి ఉక్కుతో తయారుచేసింది. పాత .303లను తొలిచి మార్చినవని చాలామంది అమ్మకందారులు చెబుతారు, అది నిజం కాదు. మొదట వచ్చిన 2ఎ మీద వెనక సైట్ (గురి చూసే పలక) 2000 దాకా అంకెలతో ఉంటే, 2ఎ1 మీద 800 దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క పలక చూస్తే రెంటికీ తేడా తెలిసిపోతుంది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. రష్యా మోసిన్-నాగాంత్ 2000ల్లో వంద డాలర్ల లోపే దొరికేది, ఇప్పుడు ఆ రోజులు పోయాయి. ఫిన్లండ్ వాళ్లు పట్టుకున్న రష్యన్ రిసీవర్ల (బోల్ట్ కూర్చునే ఇనుప చట్రాల) మీద కట్టిన ఎం39 మాత్రం ఈ వంశంలో పనితనానికి మకుటం. స్విస్ కె31 వెనక చెక్క చివరున్న బట్ ప్లేటు రెండు స్క్రూలు విప్పితే లోపల అప్పటి సైనికుడి పేరు, దళం రాసిన చీటీ దొరకొచ్చు. జపాన్ అరిసాకా రిసీవర్ మీద పదహారు రేకుల చామంతి ముద్ర ఉంటుంది. లొంగుబాటు సమయంలో చాలావాటి మీద దాన్ని అరగదీశారు, చెక్కుచెదరకుండా ఉన్నవాటికి ధర ఎక్కువ. జర్మన్ 98కె ధరలు కొత్తవారి చేతికి అందేలా లేవు, నకిలీలూ ఎక్కువ. దాన్ని చివరికి వదలండి.

ఇనుము మీద రాత చదవడం

ఇషాపూర్‌లో తయారైన నంబర్ 1 మార్క్ 3 స్టార్ ఒకటి చేతిలోకి తీసుకోండి. బోల్ట్ తీసి పక్కన పెట్టి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాయం చేసుకోండి. ఇక రైఫిల్‌ను కుడివైపుకు తిప్పండి. బోల్ట్ పిడి కింద, వెనక చెక్క మొదలయ్యే చోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని బట్ సాకెట్ అంటారు. రైఫిల్ జాతకమంతా అక్కడే ఉంటుంది. పైన కిరీటం, కింద జి.ఆర్.ఐ. అన్న మూడు అక్షరాలు, అంటే చక్రవర్తి జార్జి. తర్వాత ఇషాపూర్, సంవత్సరం, మోడల్. స్వాతంత్ర్యం తర్వాత తయారైనవాటి మీద కిరీటం పోయి అశోక స్తంభపు సింహాలు వచ్చాయి, ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు చేరాయి. ఒకే కర్మాగారం, దాదాపు ఒకే రైఫిల్. రాజ్యం మారిన సంగతి మాత్రం ఇనుము మీద కనబడుతుంది. కిరీటంది ఒకటి, సింహాలది ఒకటి పక్కపక్కన పెట్టుకోవడం మన చేతికి అందే మంచి సేకరణ.

తర్వాత నంబర్లు. రిసీవర్ ముందు భాగాన, గొట్టం మీద, బోల్ట్ పిడి వెనక, వెనక సైట్ పలక అడుగున, ముందు ఇనుప మూతి మీద, ముందు చెక్క చివర అడుగున ఒకే నంబరు ఉండాలి. అన్నీ కలిస్తే దాన్ని "మ్యాచింగ్" అంటారు. బోల్ట్ నంబరు వేరైతే ధర తగ్గడం ఒక ఎత్తు, ఆ బోల్ట్ ఆ రిసీవర్‌కు సరిగ్గా కూర్చుందో లేదో తెలియకపోవడం అసలు సమస్య. పాత నంబరును గీత కొట్టి కొత్తది కొట్టి ఉంటే అది సైన్యపు మరమ్మతు కావచ్చు, అది తప్పేమీ కాదు. కొత్తగా, మెరుస్తూ, వంకరగా కొట్టిన అంకెలు చూస్తే మాత్రం అనుమానించండి.

ఇషాపూర్ రైఫిళ్లకు సొంత గుర్తులు ఉన్నాయి. ముందు చెక్క పగలకుండా అడ్డంగా బిగించిన ఒక స్క్రూ, దాన్ని సేకర్తలు ఇషాపూర్ స్క్రూ అంటారు. ఇనుము మీద నల్ల రంగు పూత. కొన్నిటికి ముందు చెక్క చుట్టూ గట్టిగా బిగించిన తీగ, గ్రెనేడ్లు విసరడానికి వాడినవి అవి. తీగ పీకేయాలని చూడకండి, దాని విలువ దానిదే.

కొన్ని ముద్రలు హెచ్చరికలు. డి.పి. అన్న అక్షరాలు కనబడితే అది కవాతుకు మాత్రమే ఉంచిన రైఫిల్, కాల్చడానికి పనికిరాదు. అమ్మకందారు ఏం చెప్పినా సరే. చాలా తుపాకీల మీద దిగుమతిదారు పేరు, ఊరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. 1968 తుపాకీల నియంత్రణ చట్టం తర్వాత దిగుమతి అయినవాటికి అది తప్పనిసరి. ఆ ముద్ర లేనిది చాలాకాలం కిందటే, కొన్నిసార్లు సైనికుడి సంచిలోనే, దేశంలోకి వచ్చి ఉండొచ్చు. ధరలో తేడా అందుకే.

నకిలీల్లో ఖైబర్ కనుమ తుపాకీలు ప్రత్యేకం. దర్రా ఆదంఖేల్ లాంటి ఊళ్లలో చేతిపనివాళ్లు ఆకురాళ్లతో రాకి బ్రిటిష్ రైఫిళ్లను పోలినవి చేశారు. అఫ్ఘానిస్తాన్ వెళ్లిన అమెరికన్ సైనికులు కొన్ని తెచ్చుకున్నారు. ముద్రల్లో ఇంగ్లిష్ అక్షరాలు తిరగబడి ఉంటాయి, స్పెల్లింగులు తప్పుతాయి. పట్టుకునే చిట్కా ఒకటి ఉంది: విక్టోరియా రాణి ముద్ర వి.ఆర్. ఉండి, కింద 1901 తర్వాతి సంవత్సరం ఉంటే అది నకిలీ. రాణి 1901 జనవరిలో పోయింది. ఈ తుపాకీలు గోడకు బాగుంటాయి. ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకూడదు.

ఇంకో రకం మోసం, 2ఎ1ను పొట్టిగా కోసి, మూతికి గరాటు లాంటి తొడుగు పెట్టి "జంగిల్ కార్బైన్" అని అమ్మేది. అసలు జంగిల్ కార్బైన్ నంబర్ 5, అది .303. 7.62లో ఆ ఆకారం కనబడితే దిగుమతి చేసినవాళ్లు ఇక్కడ తయారుచేసిందే.

బల్ల దగ్గర చేయాల్సిన పరీక్ష

చిన్న టార్చి ఒకటి జేబులో పెట్టుకు వెళ్లండి. అనుమతి అడిగి బోల్ట్ తీసి, వెనకనుంచి వెలుతురు వేసి గొట్టం లోపల చూడండి. గాడులు పదునుగా, మెలికలు స్పష్టంగా కనబడాలి. లోపల మసకగా, మంచు పట్టినట్టు ఉన్నా గాడులు బలంగా ఉంటే బాగానే కాలుస్తుంది. లోతైన గుంటలు ఉంటే వదిలేయండి. .303లో ఇంకో సంగతి: పాత తూటాల్లోని కార్డైట్ మందు చాలా వేడిగా మండి, గొట్టం మొదటి భాగాన్ని తినేస్తుంది. పైకి మెరిసే గొట్టం లోపల అరిగి ఉండొచ్చు.

మూతి దగ్గర తప్పక చూడండి. సైనికులు గొట్టాన్ని ముందునుంచి రాడ్‌తో శుభ్రం చేసిన చోట్ల మూతి అరిగిపోతుంది. మోసిన్‌లలో అలా అరిగిన మూతిని కొంత లోపలిదాకా తొలిచి బాగుచేసేవారు. అది తెలిసి కొంటే ఇబ్బంది లేదు.

చెక్కను వేళ్లతో తడమండి. పగుళ్లు, ముఖ్యంగా బోల్ట్ వెనక సన్నటి మెడ దగ్గర. దెబ్బలు, మరకలు లోపాలు కావు, సర్వీసు గుర్తులు. చెక్క మీద కొట్టిన ముద్రల అంచులు మెత్తబడి ఉంటే ఎవరో ఉప్పుకాగితం పట్టించారని అర్థం. అక్కడే ధర సగం చేసి మాట్లాడండి, లేదా నడిచి వెళ్లిపోండి.

హెడ్‌స్పేస్ అంటే బోల్ట్ మూసుకున్నప్పుడు తూటాకు వెనక మిగిలే సందు. అది ఎక్కువైతే తూటా డొల్ల పగిలి వేడి వాయువు మీ ముఖం మీదికి వస్తుంది. దీన్ని కంటితో చెప్పలేం. గో, నో-గో, ఫీల్డ్ అన్న గేజ్‌లతో గన్‌స్మిత్, అంటే తుపాకీలు బాగుచేసే పనివాడు, కొలుస్తాడు. నంబర్ 4 రైఫిళ్లకు 0 నుంచి 3 దాకా నంబర్లున్న బోల్ట్ తలలు ఉంటాయి, అవి మార్చి సరిచేయొచ్చు. నంబర్ 1కు ఆ సౌకర్యం లేదు. కొన్నాక మొదటి తూటా పేల్చేలోపే ఈ కొలత చేయించండి. ఇందులో బేరం లేదు.

ఎక్కడ కొనాలి

గన్ షోలు చూడ్డానికి, చేతపట్టి నేర్చుకోవడానికి మంచివి. ధరలు తరచూ ఆశపోతు ధరలే. ఆన్‌లైన్ వేలంలో పాత అమ్మకాల ధరలు చూసి, అడిగే ధర పట్టించుకోకండి. మంచి రైఫిళ్లు ఎక్కువగా ముసలి సేకర్తల ఇళ్లనుంచి వారసుల అమ్మకాల్లో వస్తాయి. సేకర్తల సంఘాల్లో చేరి, ముద్రల పుస్తకాలు చదివి, నలుగురికి తెలిసిన మనిషి అయితే అలాంటివి మీకు ముందు చెబుతారు.

ఎం1 గారండ్ కావాలంటే దారి వేరు. జాన్ గారండ్ రూపొందించిన, 1936లో అమెరికన్ సైన్యం స్వీకరించిన ఆ రైఫిల్‌ను సీ.ఎం.పి. (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం) అనే సంస్థ అలబామాలోని అనిస్టన్ నుంచి అమ్ముతుంది. పౌరసత్వం, అనుబంధ క్లబ్ సభ్యత్వం లాంటి షరతులున్నాయి. పరీక్షించి, గ్రేడు ఇచ్చి పంపుతారు. కొత్తవారికి ఇంతకంటే నమ్మకమైన కొనుగోలు లేదు. తూటాల క్లిప్పు పెట్టేటప్పుడు బొటనవేలు జాగ్రత్త, బోల్ట్ ఠక్కున మూసుకుంటుంది.

శుభ్రం చేయడం

సైనిక డిపోనుంచి వచ్చిన రైఫిల్ కాస్మొలిన్ అనే చిక్కటి గోధుమరంగు గ్రీజులో మునిగి ఉంటుంది. విడిభాగాలుగా విప్పి, ప్రతి దశలో ఫోటో తీసుకుంటూ, ఇనుప భాగాలను మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి పాత బనియన్ గుడ్డతో తుడవండి. పెట్రోలు వద్దు. గాలి ఆడే చోట, నిప్పు లేని చోట చేయండి. లీ-ఎన్‌ఫీల్డ్ ముందు చెక్క విప్పడం మాత్రం నేర్చుకున్నాకే. గొట్టానికి, చెక్కకు మధ్య ఉన్న పొందిక చెడితే గురి తప్పుతుంది. వెనక చెక్క తీయాలంటే ముందు చెక్క ముందే తీయాలి, లేకుంటే అది పగులుతుంది.

చెక్కలోకి దిగిన గ్రీజు కోసం దాన్ని నల్ల చెత్తసంచిలో చుట్టి మండే ఎండలో పెట్టండి. చెమ్మగిల్లి బయటికొస్తుంది, తుడవండి, మళ్లీ పెట్టండి. ఓపిక పని. ఆరాక పలచగా, చేత్తో రుద్దుతూ అవిసె నూనె. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఉప్పుకాగితం, వార్నిష్, కొత్త బ్లూయింగ్ (ఇనుముకు పట్టించే నీలినలుపు పూత) మాత్రం వద్దు. ఎనభై ఏళ్లు నిలిచిన ముద్ర ఒక్క మధ్యాహ్నంలో పోతుంది, తిరిగి రాదు.

కాల్చేవారికి

పాత సైనిక తూటాల ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు రాజేసే భాగాల్లో) చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. అది గాలిలో చెమ్మను లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి ఇంటికి రాగానే గొట్టంలో, బోల్ట్ ముఖం మీద వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాతే నూనె పట్టించండి.

2ఎ1లో .308 వించెస్టర్ తూటాలు కూర్చుంటాయి. కానీ బజారులో దొరికే కొన్నిటి ఒత్తిడి ఎక్కువ. ఆ రైఫిల్ 7.62 నాటో బాల్ (మామూలు సైనిక తూటా) కోసం చేసింది, నేను అది దాటి వెళ్లను.

ఇంట్లో

ఉక్కు సేఫ్, లోపల చెమ్మ లాగే రాడ్, బోల్ట్‌లు వేరే తాళంలో, తూటాలు ఇంకోచోట. రైఫిల్‌ను నురుగు కేసులో ఏళ్ల తరబడి ఉంచకండి, చెమ్మ పట్టి తుప్పు వస్తుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. మీరు పౌరుడై ఉండొచ్చు, తమ్ముడు హెచ్-1బి మీద మీ ఇంట్లో ఉండొచ్చు, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండొచ్చు. సేఫ్ తాళం, కోడ్ వారికి అందుబాటులో ఉంటే వారు "దగ్గర పెట్టుకున్నట్టు" లెక్కపడే ప్రమాదం ఉంది. తాళం మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. నాన్నగారు ముచ్చటపడ్డారని చేతికిచ్చి ఫోటో తీయించకండి.

ఇండియాలో ఉన్నవారికి

1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదు. 2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా మూడు అన్నది రెండుకు దిగింది. .303, 7.62 రెండూ సామాన్యులకు నిషిద్ధ బోర్లే (గొట్టం కొలతలే). మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉంది. అది వర్తిస్తుందో లేదో కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. తాతగారి పాత తుపాకీ అటక మీద దొరికితే దాచకండి, పోలీసు స్టేషనుకు కబురు పెట్టండి. చూసి ఆనందించడానికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది.

అమెరికానుంచి వచ్చేవారు రేంజికి వాడిన సంచిని ప్రయాణానికి వాడకండి. మడతలో మరచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో విమానం దిగాల్సినవాళ్లు స్టేషనులో కూర్చోవాల్సి వస్తుంది. రేంజి సంచిని గరాజులో ఒక మేకుకు తగిలించి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.